డాబా ఎక్కిన వేసవి

బడి లేదు. బజారు లేదు. అమ్మమ్మగారి ఊరు లేదు. జూపార్కుకు తాళం, దర్గాకు తాళం, గుడికి తాళం. ఎవరైనా కాస్త దగ్గరగా వస్తే చాలు... ‘జరా దూర్’ అంటూ చేతులు అడ్డం! 2020లో ఒకసారి, 2021లో మరోసారి వేసవి సెలవులు ఇలాగే వచ్చిపడ్డాయి. పాతబస్తీ దాటాక దక్షిణాన ఉండే జల్‌పల్లిలో ఆ సెలవులన్నీ మెట్లెక్కి ఒక్కచోట చేరాయి. అదే... ఇంటి డాబా!

చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా శ్రీశైలం దారి పట్టుకుంటే ముందు బర్కాస్ వస్తుంది. నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్‌లే ఆ పేరుకు మూలం. అక్కడి జామపళ్ల రుచి తెలియని హైదరాబాదీ ఉండడు. ఇంకొంచెం ముందుకు పోతే ఎర్రకుంట, షాహీన్‌నగర్, ఆ తర్వాత పహాడీషరీఫ్ గుట్ట. గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా. ఆయన పదమూడో శతాబ్దపు సూఫీ. 1591లో హైదరాబాద్‌కు పునాది పడేనాటికే ఆయన కాలం గడిచి మూడొందల ఏళ్లు! ఆ గుట్ట పక్కనే జల్‌పల్లి. పేరు వినగానే జలం గుర్తొస్తుంది. అందుకు తగ్గట్టే ఊరికి చెరువు ఉంది. చుట్టూ ఏనుగుల్లాంటి బండరాళ్లున్నాయి. ఒకప్పటి పల్లెటూరు చుట్టూ కాలనీలు అల్లుకుపోయి, 2020 నాటికి అదొక కిక్కిరిసిన మున్సిపాలిటీ.

రెండు గజాలు ఎక్కడ?

ఆ ఏడాది మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ వెంటనే తెలంగాణలో లాక్‌డౌన్, 25 నుంచి దేశమంతటా. సరిగ్గా ఆ రోజే ఉగాది. బడులు అంతకు వారం ముందే మూతపడ్డాయి. తొమ్మిదో తరగతి దాకా పిల్లలంతా పరీక్షలు లేకుండానే పై తరగతికి వెళ్లిపోయారు. పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయి చివరికి అందరూ పాసే. పిల్లలకు ఇంతకన్నా పండగ ఏముంటుంది అనుకున్నారు పెద్దలు. పట్టుమని పదిరోజులు కాకుండానే మొదలైంది రాగం... ‘అమ్మా, బోరు!’

‘దో గజ్ కీ దూరీ’ అన్నారు పైవాళ్లు. రెండు గజాలంటే ఆరడుగులు. దుకాణాల ముందు సున్నంతో గుండ్రాలు గీసి అందులో నిలబడమన్నారు. బాగానే ఉంది. కానీ జల్‌పల్లి సందుల్లో చాలాచోట్ల ఈ ఇంటి గుమ్మానికీ ఎదురింటి గుమ్మానికీ మధ్య రెండు గజాలు ఉంటే గొప్ప. రెండు గదులు, అందులో ఆరేడుగురు. ఇంట్లోనే ఒకరి మీద ఒకరు పడుతుంటే ఇక దూరం ఎక్కడ? ఆటో తోలే నాన్న ఇంట్లోనే, కూలికి వెళ్లే బాబాయి ఇంట్లోనే. రోజు కూలి ఆగిపోయింది. తెల్ల రేషన్ కార్డున్న వాళ్లకు ఆ ఏప్రిల్‌లో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు అందించింది ప్రభుత్వం. అలాంటి ఇళ్లకు ‘ఆన్‌లైన్ సమ్మర్ క్యాంపు’ అనే మాట పేపర్లో చదువుకోవడానికి మాత్రమే బాగుంటుంది. పెరట్లో టెంటు వేసుకోండి, గార్డెనింగ్ నేర్పండి అన్న సలహాలూ అంతే. పెరడేదీ?

ఉన్నదల్లా నెత్తిమీదున్న స్లాబు. బట్టలారేసుకోవడానికి, సంక్రాంతికి పతంగులెగరేయడానికి, నీళ్ల ట్యాంకు చూడటానికి తప్ప ఎవరూ ఎక్కని చోటు. అదే ఆటస్థలం అయింది, బడి అయింది, పడకగది కూడా అయింది. ఒకే మేడలో నాలుగు కుటుంబాలుంటే వంతులేసుకోవడమే మార్గం. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఒకరు, ఏడు నుంచి ఎనిమిది దాకా ఇంకొకరు, సాయంత్రం ఎండ వాలాక మిగతావాళ్లు. రేకుల ఇళ్లవాళ్లకు ఆ భాగ్యం కూడా లేదు. స్లాబున్న పొరుగువాళ్లు రోజుకో గంట వాళ్లకు వదిలితే అంతకు మించిన సాయం ఆ రోజుల్లో మరోటి లేదు. రేకు కింద మిట్టమధ్యాహ్నం కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది ఆ గంట విలువ.

పిల్లల్ని డాబా ఎక్కించే ముందు ఒక్క మాట. చాలా ఇళ్లకు పిట్టగోడ మోకాలెత్తే ఉంటుంది. కొన్నింటికి అదీ ఉండదు. స్లాబు అంచుకు రెండడుగులు లోపలగా సుద్దతో గీత గీసి ‘ఇది దాటితే ఔట్’ అని ఆటలోనే కలిపేస్తే సరి. ఊరికే వద్దంటే వినని పిల్లలు ఔటంటే వింటారు!

నీడ మాయమయ్యే మధ్యాహ్నం

ఇప్పుడు అసలు సంగతి. దూరం పాటించమంటే పిల్లలకు శిక్షలాగే ఉంటుంది. కానీ దూరం ఉంటేనే సాగే ఆట ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. ఒక కర్ర, ఒక దారం, ఒక రాయి, ఇంట్లో ఉన్న ఫోను చాలు. ఏటా మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన వస్తువు నీడ మాయమైపోతుంది. నీడ లేకపోవడమంటే ఎక్కడికో పోవడం కాదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండటంతో నీడంతా వస్తువు కిందే ఒదిగిపోతుంది. దీన్నే జీరో షాడో అంటారు. 2020లో ఆ రోజు శనివారం, 2021లో ఆదివారం. 2020లో ఊరు ఊరంతా ఇళ్లలోనే ఉంది. ఎప్పుడూ ఆ వేళకు ఆఫీసులోనో ఆటోలోనో ఉండే నాన్నలు కూడా ఇంటిపట్టునే ఉన్న మధ్యాహ్నమది.

చేయడం తేలిక. మీటరు పొడవు కర్ర తీసుకోండి. చీపురు కర్రయినా పరవాలేదు, కొలిచి గుర్తు పెట్టుకుంటే చాలు. ఇసుక నింపిన డబ్బాలో దాన్ని నిలబెట్టండి. నిటారుగా ఉందా లేదా తెలియడానికి దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీయండి. తాపీ మేస్త్రీ గోడకు వాడే తూకపు గుండు ఇదే కదా! 11 గంటల నుంచి అరగంటకోసారి ఒక్కరు మాత్రం ఎక్కి, నీడ కొస దగ్గర సుద్దతో చుక్క పెట్టి దిగిపోవాలి. అన్నా చెల్లీ వంతులేసుకోవచ్చు. చుక్కలు దగ్గరికి జరుగుతూ జరుగుతూ వస్తాయి. పన్నెండు దాటాక అసలు చోద్యం. గ్లాసు బోర్లిస్తే గ్లాసుకు నీడ లేదు, సీసాకు నీడ లేదు, నిలబడితే పిల్లాడి నీడ పాదాల కిందే ఒక ముద్ద! 40 డిగ్రీల ఎండ కాబట్టి తలకు తుండు, కాళ్లకు చెప్పులు ఉండాలి. పైన పది నిమిషాలకు మించి ఉండొద్దు. సూర్యుడి వంక మాత్రం చూడనే కూడదు, చూపంతా నీడ మీదే.

ఇంతవరకు సగం ఆట. మిగతా సగానికి దూరాన ఉన్న చుట్టం కావాలి. అన్ని ఊళ్లలో నీడ ఒకే రోజు మాయం కాదు. కర్కట రేఖ, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లన్నింటికీ ఏడాదికి రెండుసార్లు ఈ వింత వస్తుంది, కానీ ఊరికో తేదీ. సూర్యుడు వేసవిలో ఉత్తరానికి జరుగుతూ ముందు తిరుపతిని ఏప్రిల్ ఆఖరి వారంలో, విజయవాడను మే మొదటి వారంలో పలకరిస్తాడు. హైదరాబాద్ తర్వాత రెండు మూడు రోజులకు వరంగల్. కాబట్టి జల్‌పల్లి డాబా మీద నీడ లేని రోజున తిరుపతిలో మేనమామ కొడుకు అలాంటి మీటరు కర్రనే నిలబెడితే, 12 గంటల 8 నిమిషాల ప్రాంతంలో వాడికి సుమారు ఆరున్నర సెంటీమీటర్ల నీడ కనబడుతుంది. అదీ ఎటు? దక్షిణం వైపు! ఏడాదిలో ఎక్కువ రోజులు మన మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే కదా పడుతుంది. సూర్యుడు అప్పటికే తిరుపతిని దాటి ఉత్తరానికి వచ్చేశాడన్న మాట.

ఇక లెక్క. మీటరు కర్రకు ఆరున్నర సెంటీమీటర్ల నీడంటే సూర్యుడు 3.7 డిగ్రీలు వాలాడని అర్థం. కాగితం మీద కర్రనూ నీడనూ కొలతలకు తగ్గట్టు గీసి, కొసలు కలిపి, కోణమానినితో కొలిస్తే హైస్కూలు పిల్లలకు కూడా తెలిసిపోతుంది. వృత్తం మొత్తం 360 డిగ్రీలు. అందులో 3.7 డిగ్రీలు దాదాపు 97వ వంతు. జల్‌పల్లికీ తిరుపతికీ మధ్య ఉత్తర దక్షిణాలుగా తిన్నగా కొలిస్తే దూరం సుమారు 410 కిలోమీటర్లు. రోడ్డు వంకరలు లెక్కలోకి రావు. 410ని 97తో గుణిస్తే... ముప్పైతొమ్మిది వేల ఏడొందల డెబ్భై కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000! చీపురు కర్రతో భూగోళాన్ని కొలిచేశారన్న మాట. రెండువేల రెండొందల ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే పండితుడు ఈ ఉపాయంతోనే కొలిచాడు. అతడి రెండు ఊళ్లు సయీన్, అలెగ్జాండ్రియా. సెంటీమీటరు అటూ ఇటూ అయితే లెక్క వేల కిలోమీటర్లు తప్పుతుంది. ‘నువ్వు సరిగ్గా కొలవలేదు’, ‘నీ కర్రే వంకర’ అని ఫోన్లో రెండిళ్ల మధ్య జరిగే గొడవ కూడా ఆటలో భాగమే. బావామరదళ్లు ఒకే గదిలో పక్కపక్కనే కూర్చుంటే ఈ లెక్క రానే రాదు. దూరమే ఇందులో కొలబద్ద.

ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు దక్షిణానికి తిరిగి వెళుతూ హైదరాబాద్‌కు మరోసారి నీడ లేకుండా చేస్తాడు. అయితే అది వానాకాలం. మబ్బులు కరుణించాలి.

నెలవంక పక్కన చుక్క

మధ్యాహ్నం అలా గడిస్తే సాయంత్రం స్లాబు మీద బకెట్ల కొద్దీ నీళ్లు చల్లడంతో రెండో అంకం మొదలు. వేడి స్లాబు మీద నీళ్లు పడగానే వచ్చే ఆ ఆవిరి వాసన వేసవి సెలవుల సొంత వాసన! నీటి ఎద్దడి ఉన్నచోట ఇది దండగ ఖర్చు. అంతకన్నా మేలైన పని సున్నం. స్లాబుకు తెల్లసున్నం కొడితే ఎండ చాలావరకు తిరిగి వెళ్లిపోయి కింద గది చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. పాత చీపుర్లు ఇచ్చి, తలా ఒక మూల అప్పగిస్తే పిల్లలకు అదొక రోజు పని. సున్నం కళ్లల్లో పడకుండా కలిపే పని మాత్రం పెద్దవాళ్లే చూసుకోవాలి.

2020 ఏప్రిల్ 24 సాయంత్రం పాతబస్తీ డాబాలన్నీ నిండాయి. రంజాన్ నెలవంక కోసం! మామూలుగా ఆ రాత్రి నుంచి మసీదులు, బజార్లు కిటకిటలాడాలి. ఆ ఏడాది తరావీ నమాజు ఇళ్లలోనే. చంద్రుణ్ని చూడటం మాత్రం ఎవరి డాబా మీద వాళ్లు, అందరూ కలిసే. మర్నాటి నుంచి ఉపవాసాలు. ఇంకో రోజు గడిచాక, 26వ తేదీ సాయంత్రం పడమటి ఆకాశంలో నెలవంక పక్కనే ధగధగలాడుతూ శుక్రుడు. ఆ వేసవిలో శుక్రుడంత కాంతిగా ఆకాశంలో మరో చుక్క లేదు. ఇఫ్తార్ ఖర్జూరం నోట్లో వేసుకుని పిల్లలు తలెత్తితే కనిపించింది ఆ జంటే. రోజూ ఒకే పిట్టగోడ దగ్గర నిలబడి, ఒకే సమయానికి శుక్రుడు ఎంత ఎత్తులో ఉన్నాడో చాచిన చేతి పిడికిళ్లతో కొలిచిన పిల్లలకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. మే నెల గడిచేకొద్దీ అతడు రోజురోజుకూ దిగజారి, నెలాఖరుకు సంధ్య వెలుగులో మునిగిపోయాడు. పిడికిలి అంటే సుమారు పది డిగ్రీలు. పరికరం అక్కర్లేని కొలత ఇది. శుక్రుడు పడమట మెరిసే ఏ ఏడాదైనా పనికొస్తుంది.

ఆ రంజాన్‌లో హైదరాబాద్ వీధుల్లో హలీం బట్టీలు వెలగలేదు. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వంటకం, వీధిలో దొరకని రంజాన్! దాంతో ఇళ్లలోనే గోధుమలు, పప్పులు, మాంసం ఉడికించి మెదిపే పని పడింది. కర్రతో మెదపడానికి చేతులు ఎన్నుంటే అంత మంచిది. ‘నూటికి ఒక వంతు’ అని లెక్కపెడుతూ తలా వంద పోట్లు. మాంసం తినని ఇళ్లలో ఆ చేతులకు ఆవపిండి, కారం కొలిచే పనీ, డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టే పనీ. ఇక సబ్జా గింజలు నానేసిన షర్బత్, రంజన్‌లో చల్లటి నీళ్లు... వీటికి ఉపాయాలు చెప్పాల్సిన పనేముంది? పిల్లలే గురువులు.

విమానం లేని ఆకాశం

జల్‌పల్లి పిల్లలకు విమానమంటే వింత కాదు. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి ఆ దారి బతుకే మారిపోయింది. దాని వెనకాలే భూముల ధరలు, కాలనీలు వచ్చాయి. అలాంటిది 2020 మార్చి 25 నుంచి దేశీయ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. సరుకుల విమానం ఎప్పుడైనా వస్తే వచ్చినట్టు. ఆకాశం ఖాళీ. రెండు నెలలు గడిచాక విమానాలు మళ్లీ ఎగిరిన రోజు మే 25, సోమవారం. ఆ రోజు రంజాన్ పండగ! ఈద్గాలు ఖాళీ, ఆలింగనాలు లేవు, షీర్ ఖుర్మా గిన్నె గుమ్మం దగ్గర పెట్టి రెండడుగులు వెనక్కి జరిగే పండగ అది. పైన మాత్రం రాకపోకలు మొదలయ్యాయి.

విమానాల లెక్క కూడా డాబా ఆటే. నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి, టైము, దిక్కు, రంగు, రెక్కల కింద ఇంజన్లెన్ని అని రాసుకోవడం. ఇద్దరు పిల్లలు రెండు డాబాల మీద విడిగా రాసుకుని రాత్రికి సరిచూసుకుంటే ఎవరి కళ్లు చురుకో తేలిపోతుంది. విమానాలు లేని రోజుల్లో ఇదే పట్టికలో గద్దలు, పావురాలు, కొంగలు చేరతాయి. పాతబస్తీలో పావురాలు పెంచే సరదా తరాలనాటిది. సాయంత్రం గుంపుగా ఎగిరిన పావురాలు ఎవరి ఈలకు ఏ డాబా మీద దిగుతాయో చూడటం సినిమా కంటే తక్కువేం కాదు. పిట్టగోడ మీద మట్టి మూకుడులో నీళ్లు పెడితే పిచ్చుకలూ గోరువంకలూ వస్తాయి. రోజూ నీళ్లు మార్చాలి, లేదంటే దోమలొస్తాయి.

పతంగుల సంగతి చెప్పకుండా పాతబస్తీ డాబా కథ పూర్తవదు. గాలి ఉన్న సాయంత్రాలు ఎగరేసుకోవచ్చు. రెండిళ్ల మధ్య దూరం ఎంతున్నా పేంచ్ పడాల్సింది ఆకాశంలోనే కదా! కాకపోతే నూలు దారమే వాడాలి. చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారం పక్షుల రెక్కల్ని, బండి మీద పోయేవాళ్ల గొంతుల్ని కోస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని దేశమంతటా నిషేధించింది.

గాజు ముక్కలు, నాలుగు గవ్వలు

డాబా మీద కూర్చుని ఆడే ఆటల్లో అష్టాచెమ్మకు సాటి లేదు. అయిదు గళ్లు అడ్డం, అయిదు గళ్లు నిలువు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. మామూలుగా గడులు జానెడు కూడా ఉండవు, తలలు నాలుగూ ఢీకొంటాయి. అదే ఒక్కో గడి అడుగున్నర ఉండేలా సుద్దతో గీస్తే పట్టు ఏడున్నర అడుగులవుతుంది. నాలుగు వైపులా నలుగురు కూర్చుంటే ఎదురెదురు వాళ్లకు రెండు గజాల దూరం దానంతటదే వచ్చేసింది! ఎవరి గవ్వలు వాళ్లవే. కాయలుగా లాడ్‌బజార్ గాజుల విరిగిన ముక్కలు, అంచులు రాయికి అరగదీసి. ఫతేపూర్ సిక్రీలో అక్బరు పచ్చీసు పట్టును ఆవరణలో రాతి మీదే గీయించి, మనుషులనే కాయలుగా నడిపించాడని చెబుతారు. పిల్లలు ఎక్కువైతే ఆ పద్ధతీ బాగుంటుంది. చిన్నవాడు ‘చంపబడి’ మళ్లీ మొదటి గడికి పరిగెత్తడం చూడాలి!

వామనగుంటలకు చెక్క పీట లేకపోతే పద్నాలుగు టీ కప్పులు చాలు, చింతపిక్కలు వేసుకోవడానికి. కచ్చకాయలు, పులి-మేక, దాడి... ఈ ఆటలు ఇప్పటి అమ్మానాన్నలకే సగం మరుపు. నాయనమ్మలకు మాత్రం బాగా గుర్తు. కానీ ఆ రెండు వేసవుల్లో అందరికన్నా దూరంగా ఉంచాల్సిన మనిషి కూడా నాయనమ్మే! ఇక్కడే సందు ఇరుకుదనం పనికొచ్చింది. దాదీ ఈ డాబా మీద నులకమంచం వేసుకుని, మనవళ్లు ఆ డాబా మీద చాప పరుచుకుని కూర్చుంటే మాట వినబడుతుంది, తుమ్ము తగలదు. ‘ఏం దాదీ, మీ చిన్నప్పుడు ఈ కాలనీ ఉండేదా?’ అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. చెరువు కింద పొలాలు, గుట్ట ఉర్సుకు ఎడ్లబండ్లు కట్టుకుని రావడం... ఒక్కో ముసలమ్మ దగ్గర ఒక్కో ఊరు. ఆ మాటల్ని ఫోన్లో రికార్డు చేసిన ఇళ్లు అదృష్టవంతమైన ఇళ్లు. రెండో వేసవి చాలా ఇళ్లలో పెద్దవాళ్లను తీసుకుపోయింది. మిగిలినచోట ఆ గొంతులే మిగిలాయి.

నీళ్లొచ్చిన తర్వాత

బడుల సంగతి ఇంకో కథ. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. ఇంటికి ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు. ఎవరి పాఠం ఎవరికి?

అంతలో అక్టోబరు 13. ఆ రాత్రి హైదరాబాద్ మీద ఆకాశం విరిగిపడింది. పాతబస్తీ దక్షిణాన చెరువులు కట్టలు తెంచుకున్నాయి. జల్‌పల్లి పరిధిలోని ఉస్మాన్‌నగర్‌లో చెరువు నీళ్లు ఇళ్లల్లోకి వచ్చి, వారాలు కాదు నెలల తరబడి కదల్లేదు. వేసవిలో పిల్లలు ఆడుకున్న డాబాల మీదికి బియ్యం డబ్బాలు, పరుపులు, పుస్తకాల సంచులు ఎక్కాయి. చెరువు తన చోటు తాను వెతుక్కుందని కొందరన్నారు. ఆ చోట ప్లాటు కొనుక్కున్నవాడికి అది చెరువని చెప్పినవాళ్లెవరు అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు బడి తెరిచి, మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు. మే 12న మళ్లీ లాక్‌డౌన్. ఈసారి పొద్దున ఆరు నుంచి పది దాకా సడలింపు. రంజాన్ పండగ మే 14న, మళ్లీ ఇంట్లోనే. అయితే ఆ నాలుగు గంటల్లో మొదటి గంట, అంటే ఎండ ఎక్కకముందు, మాస్కు కట్టుకుని పిల్లల్ని నడిపించడానికి జల్‌పల్లిలో రెండు చోట్లున్నాయి. ఒకటి చెరువు గట్టు. మురుగు చేరే నగరపు చెరువే అయినా బుడుబుంగలు, నీటికోళ్లు, తెల్ల కొంగలు దాన్ని వదల్లేదు. నీళ్లలో దిగడం మాత్రం వద్దు. రెండోది బండరాళ్లు. ఈ దక్కను గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పిల్లలకు ‘ఇది డైనోసార్ల కన్నా పాతది’ అని చెబితే ఆ రాయిని చూసే చూపే మారిపోతుంది. అరచేయి ఆనించి గరుకు తెలుసుకోవడం, మెరిసే అభ్రకపు రేకులు వెతకడం, ఉల్లిపొరల్లా రాయి ఎలా ఊడుతోందో చూడటం, తాబేలు రాయి, టోపీ రాయి అని పేర్లు పెట్టడం. రాళ్ల మధ్య ఆరడుగులేం ఖర్మ, అరవై అడుగుల దూరం కూడా దొరుకుతుంది. వేసవిలో రాళ్ల సందుల్లో పాములుంటాయి కాబట్టి చేతులు పెట్టకూడదు. క్వారీ గుంతల వైపు అసలు పోనివ్వకూడదు.

జూన్ 20 నుంచి ఆంక్షలు పోయాయి. సెప్టెంబరు 1న బడిగంట మోగింది. పదిహేడున్నర నెలల్లో బడి తెరిచింది కొన్ని వారాలే, అదీ పెద్ద తరగతులకు. ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలు బడి గేటు చూడకుండానే రెండో తరగతిలోకి వచ్చేశారు. వాళ్లలో కొందరికి అంకెలు వచ్చింది స్లాబు మీద గీసిన అష్టాచెమ్మ గళ్లల్లోనే. చెమ్మ నాలుగు, అష్ట ఎనిమిది.